డబుల్ డోర్ ఫ్రిజ్: చలంతా పైఅంతస్తులోనే

మాది పైన ఫ్రీజర్, కింద మామూలు అరలు ఉండే డబుల్ డోర్ ఫ్రిజ్. 250 లీటర్ల పైచిలుకు. 2017 వేసవిలో విశాఖలో కొన్నాం, ఇప్పటికీ అదే నడుస్తోంది. కొన్న వారానికే రాసే సమీక్షల్లో రంగు, హ్యాండిల్, డెలివరీ కుర్రాడి మర్యాద తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఫ్రిజ్ అసలు గుణం బయటపడేది రెండు మూడు ఎండాకాలాలు దాటాకే.

ఈ రకం ఫ్రిజ్‌లో చలి పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక గోడలా కనిపించే ప్లాస్టిక్ పలక చాటున. అక్కడ కాయిల్ (చలి పుట్టించే పైపుల చుట్ట), దానికో చిన్న ఫ్యాను ఉంటాయి. ఆ ఫ్యాను చల్లగాలిని ఫ్రీజర్‌లోకి ఊది, అందులో కొంత వెనక దారిగుండా కిందికి వదులుతుంది. మేడ మీది ట్యాంకులోంచి కింది కుళాయికి నీళ్లొచ్చినట్టు, కింది అరలకు చలి పైనుంచి రావాల్సిందే. ఈ సంగతి తెలిస్తే సామాను ఎలా సర్దాలో, ఏది చెడిందో చాలావరకు మనకే అర్థమవుతుంది.

ఫ్రీజర్‌లో ఉండే నాబ్‌నే తీసుకోండి. అది ఫ్రీజర్ చలిని పెంచేదని అందరూ అనుకుంటారు. మా మోడల్‌లో అది పైకీ కిందికీ గాలి వాటా పంచేది మాత్రమే. చలి మొత్తాన్ని పెంచి తగ్గించేది కింద ఉన్న నాబ్. మే నెలలో ఐస్ త్వరగా కావాలని పిల్లలు పై నాబ్‌ను చివరిదాకా తిప్పేస్తారు. మర్నాటికి కింద దోసెల పిండి పులిసి గిన్నె అంచు దాటుతుంది. మధ్యలో పెట్టి వదిలేయడమే మంచిది. అనుమానంగా ఉంటే గ్లాసుడు నీళ్లలో థర్మామీటర్ వేసి రాత్రంతా కింది అరలో ఉంచండి. 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ చూపిస్తే చాలు. ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా పెద్ద గిన్నెలు పెడితే మాత్రం ఏ నాబ్ తిప్పినా లాభం లేదు. ఆ గాలి పొడిగాలి కాబట్టి మూత లేని కొత్తిమీర వడిలిపోతుంది, చపాతీలు అట్టల్లా తయారవుతాయి. అన్నీ మూతల డబ్బాల్లోనే పెట్టాలి.

ఇంట్లో దించే రోజు జాగ్రత్తలు కొన్నే. ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే వెంటనే ప్లగ్ పెట్టకూడదు. కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి జారి ఉంటుంది, అది తిరిగి కిందికి దిగేదాకా కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాలి. వెనకా పక్కలా గాలి ఆడే చోటుండాలి. ముందు కాళ్లు తిప్పి ముందువైపు ఒక్క పిసరు ఎత్తుగా ఉంచితే తలుపు దానంతటదే మూసుకుంటుంది. అందుకే చక్రాల ప్లాస్టిక్ స్టాండ్ నాకు నచ్చదు, దాని మీద లెవెల్ కుదరదు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ విడిగా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. మొదటి రోజుల్లో పక్క గోడలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే మా అత్తయ్యకు ఒకటే టెన్షన్. లోపలినుంచి లాగిన వేడిని బయటికి వదిలే పైపులు ఆ రేకు వెనకే ఉంటాయి. అది జబ్బు కాదు.

ఇక ఖర్చు పెట్టించిన రిపేరు. ఒక వర్షాకాలం ఫ్రీజర్‌లో ఐస్ బాగానే ఉంది గానీ కింద పాలు విరిగిపోవడం మొదలైంది. కంపెనీ సర్వీస్ అంటూ వచ్చినాయన తలుపు తీసి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, ఎక్కించాలి" అన్నాడు. వాడేకొద్దీ అయిపోవడానికి అది సిలిండర్ కాదు. సీలు చేసిన పైపుల్లో తిరిగే గ్యాస్, లీకైతే తప్ప తగ్గదు. పైగా గ్యాసే లేకపోతే ఐస్ ఎక్కడినుంచి వచ్చింది? ఆయన్ను పంపించేసి మా వీధి మెకానిక్‌ను పిలిచాం. ఆయన ఫ్రీజర్ ఖాళీ చేయించి వెనక పలక విప్పాడు. కాయిల్ కనపడలేదు, దాని చోట తెల్లగా మంచు దిమ్మ. ఫ్యాను రెక్క అంచు దాకా పేరుకుపోయి ఉంది. కిందికి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది, అంతే.

మాది ఫ్రాస్ట్ ఫ్రీ రకం, అంటే మంచును మనం కరిగించక్కర్లేనిది. అంతేగానీ అసలు మంచు పట్టదని కాదు. కాయిల్ మీద పట్టిన మంచును కొన్ని గంటలకోసారి ఒక హీటర్ కరిగిస్తుంది. కాయిల్ చలిని కనిపెట్టే సెన్సారో, హీటరో పోతే కరగడం ఆగిపోతుంది. మీటర్ పెట్టి చూస్తే హీటర్ బాగుంది, పోయింది సెన్సార్. కొత్తది వేశాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. ఒక రోజంతా ప్లగ్ తీసి తలుపులు తెరిచి ఉంచితే మంచు కరిగి ఫ్రిజ్ బాగైనట్టే కనిపిస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే వరస వస్తే అనుమానం ఇటువైపే. కత్తితో గీకడం, మంట చూపించడం మాత్రం ఎప్పుడూ వద్దు. మా దాంట్లో ఉన్న గ్యాస్ ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ జాతిదే. కాయిల్‌కు చిల్లు పడితే ప్రమాదం. ఇంకో మాట, మా కార్డులో 10 ఏళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో ఉన్నది ఒక్క కంప్రెసర్‌కే. సెన్సార్లు, ఫ్యాను, హీటర్‌కు ఏడాదే. మన చేత డబ్బు ఖర్చు పెట్టించేవి ఇవే మరి.

కరిగిన నీళ్లు సన్నని గొట్టంలోంచి వెనకున్న ట్రేలో పడి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతాయి. గొట్టం మూసుకుంటే కూరగాయల ట్రే కింద నీళ్లు చేరతాయి. అందేచోట రంధ్రం ఉంటే గోరువెచ్చని నీళ్లు పోస్తే దారి ఇస్తుంది. వెనక ట్రేని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వానల్లో అందులో నీళ్లు నిలుస్తాయి, డెంగీ దోమకు అంతకన్నా ఏం కావాలి? ఇంటింటికీ తిరిగే మలేరియా సిబ్బంది ఫ్రిజ్ వెనక టార్చి వేసి చూసేది అందుకే. వారానికోసారి ప్లగ్ తీసి ఆ ట్రే తుడిచేయాలి.

తలుపు రబ్బరు మడతల్లో పిండి మరకలు, చీమలు చేరతాయి. సబ్బునీళ్ల గుడ్డ చాలు. పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగండి, బిగువు లేకుండా వచ్చేస్తే రబ్బరు సడలినట్టే. మా ఊరి ఉప్పుగాలికి తలుపు కింది అంచు తుప్పు పట్టింది, దానికి మందు లేదు. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు ఆ అంచును పొడిగుడ్డతో తుడుస్తూ ఉంటే కొంత ఆలస్యమవుతుంది.

కరెంటు విషయంలో స్టార్ రేటింగ్ స్టిక్కర్ మీది నక్షత్రాలు లెక్కపెట్టొద్దు. ఈ ఫ్రాస్ట్ ఫ్రీ రకానికి 2010 నుంచి తప్పనిసరైన ఆ స్టిక్కర్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, చూడాల్సింది ఆ అంకెనే. ప్రమాణాలు మధ్యమధ్య బిగిస్తుంటారు కాబట్టి నిరుటి నాలుగు నక్షత్రాలు ఈ ఏడాది మూడు కావచ్చు.

నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే, వంగడం. రోజూ చెయ్యి పెట్టేది కింది అరల్లో, ఎప్పుడో తీసే రొయ్యలూ కొబ్బరి కోరూ కంటికి ఎదురుగా ఫ్రీజర్లో. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, డబ్బు కుదిరితే, ఫ్రీజర్ కింద ఉండే రకం చూడండి. మేం మార్చలేదు. అత్తయ్య కోసం పాలు, పెరుగు, కూర గిన్నెలు పై అరలోకి చేర్చి, ఆకుకూరలకు తలుపులో చోటిచ్చాం. అడుగు ట్రేలో ఇప్పుడు ఉల్లికాడలు, క్యారెట్లు, నేను తీసే సామానే ఉంటుంది.