చెవులున్న ఉయ్యాల

ఆటోమేటిక్ ఉయ్యాల కొనాలనుకునేవాళ్ళు ముందు ఒక్కటి చూసుకోండి. పాప ఏడుపు వినిపిస్తే దానంతట అదే ఊగే సెన్సర్ ఉంటుంది కదా, దాన్ని ఆఫ్ చేసే స్విచ్ ఉందా లేదా? మా దానికి లేదు. దోమతెర, చక్రాలు, రిమోట్, పాటలు ఏ కంపెనీదైనా కాస్త అటూ ఇటూగా ఒకటే, వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా గొడవంతా ఆ చెవితోనే.

మేముండేది అనంతపురంలో, రైలు పట్టాలకు దగ్గర్లో. మా ఆయనకు గుంతకల్లు డివిజన్‌లో షిఫ్టు డ్యూటీ. వారంలో సగం రాత్రులు ఇంట్లో నేనూ, పాపా, మా జేజీ అంతే. జేజి ఉయ్యాల ఊపమంటే ఊపుతుంది గానీ తెల్లారి ఆమె భుజానికి నేను నూనె రుద్దాలి. పాప పుట్టింది డిసెంబరులో. చలికాలం రాత్రుళ్ళు గంటకోసారి లేచి లేచి నాకు పగలు కూడా కళ్ళు తిరుగుతుంటే, మా ఆయన పోరి ఇది తెప్పించాడు.

మొదటి రెండు మూడు నెలలు దీన్ని పొగడని రోజు లేదు. పాలు పట్టి, భుజాన వేసుకుని తేన్పు వచ్చాక ఉయ్యాలలో పడుకోబెట్టి రిమోట్ నొక్కితే కాసేపటికే కళ్ళు మూతలు పడేవి. నా మాట విని మా వీధిలో ఒకళ్ళు కొన్నారు కూడా. ఆ పొగడ్త అబద్ధమని ఇప్పుడూ అనను గానీ, కొంచెం తగ్గించి చెప్పాలి. అప్పుడే పుట్టిన పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతారు. ఉయ్యాల ఉన్నా లేకపోయినా ఎలాగూ పడుకునే వయసు అది. ఇక రాత్రి రెండు మూడు గంటలకోసారి లేచేది ఆకలికి. ఆకలికి లేచిన బిడ్డను ఏ మోటరూ జోకొట్టలేదు. పాలు తాగి మళ్ళీ పడుకునే ఆ చివరి అరగంటను మాత్రం ఇది నా చేతుల మీది నుంచి తీసేసింది. అదీ తక్కువేం కాదులెండి, సిజేరియన్ కుట్లతో ఉన్నదానికి అది చాలా పెద్ద విషయం.

సెన్సర్ సంగతి అప్పుడే కొంచెం కొంచెంగా తెలుస్తూ వచ్చింది. పసిపిల్లల నిద్రలో దాదాపు సగం కదులుతూ, మూలుగుతూ గడిచే నిద్రే. మొహం ముడుస్తారు, ముక్కుతారు, ఒక్క కేక పెట్టి కళ్ళు తెరవకుండానే మళ్ళీ సర్దుకుంటారు. ఒక్కో విడత నిద్ర 50 నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఆ విడత అయిపోయినప్పుడల్లా కాస్త మెలకువ వచ్చినట్టు కదలడం మామూలేనట. "మూలిగిన వెంటనే ఎత్తుకోకమ్మా, ఒక నిమిషం ఆగి చూడు, తనే పడుకుంటుంది" అన్నారు పిల్లల డాక్టరు. నేను ఆగేదాన్ని. ఉయ్యాల ఆగేది కాదు. చిన్న మూలుగు వినపడితే చాలు, ఎర్ర లైటు వెలిగి టక్కున ఒక కుదుపుతో ఊగడం మొదలుపెట్టేది. తనంతట తాను సర్దుకునే పిల్ల ఆ కుదుపుకు పూర్తిగా లేచి కూర్చున్నంత పని చేసేది.

మూలుగే కాదు, గూడ్సు బండి హారన్ కొట్టినా ఊగేది. వీధి కుక్కలు మొరిగినా ఊగేది. ఒక రాత్రి జేజి దగ్గితే ఊగింది. "నేను దగ్గితే ఊగుతాది, ఇదేం యంత్రమే తల్లీ" అని ఆమె ఒకటే నవ్వు. పోనీలే, ఊగితే నష్టమేముంది అనుకుని ఊరుకున్నాం.

అసలు కథ ఏప్రిల్‌లో బయటపడింది. అప్పటికి పాపకు నాలుగు నెలలు దాటాయి. మా ఊళ్ళో ఎండలు ఎట్లా ఉంటాయో తెలిసిందే, నలభై డిగ్రీలు దాటాక కరెంటు కూడా ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఒక రాత్రి కరెంటు పోయింది, పాప గుక్కపట్టి ఏడ్చింది. ఉక్కపోతకేమో అనుకున్నాను. జేజి లేచొచ్చి "గొంతెండిపోయింటాది, రెండు సుక్కలు నీళ్ళు పొయ్యి" అంది. ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండాకాలమైనా నీళ్ళు వద్దని, తల్లిపాలలో 87 శాతం దాకా నీళ్ళేనని ఆమెకు మళ్ళీ ఒకసారి చెప్పి, పాలు పట్టబోతే పాప మొహం తిప్పేసుకుంది. ఆకలి కాదు. పైకి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది, అది ఇన్వర్టరు మీద ఉంది. ఒళ్ళు ముట్టుకుంటే చెమట లేదు. ఆ గదిలో ఆగిపోయింది ఒక్కటే, ఉయ్యాల. చాలా ఇళ్ళలో మాదిరే మాకూ ఇన్వర్టరు లైన్లు ఫ్యాన్లకూ లైట్లకే, ప్లగ్ పాయింట్లకు లేవు.

కానీ నేను టైమరు అరగంటకే పెట్టానే! అర్ధరాత్రి దాటాక కరెంటు పోయేదాకా అది ఎందుకు ఊగుతోంది? మర్నాటి రాత్రి నిద్ర మానుకుని మరీ కూర్చుని చూశాను. అరగంట కాగానే మోటరు ఆగింది. ఉయ్యాల మెల్లగా నెమ్మదిస్తూ చివరి ఊపులో, ఎడమవైపు బోల్టు దగ్గర, కిర్రుమంది. ఎర్ర లైటు వెలిగింది. మళ్ళీ అరగంట. మళ్ళీ కిర్రు, మళ్ళీ లైటు. తన చప్పుడు తానే విని, అది పాప ఏడుపనుకుని, రాత్రంతా ఊగుతోంది ఈ మహాతల్లి. పాప పడుకునే ఉంది కాబట్టి మాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ "మా పాప ఈ మధ్య మూడు నాలుగు గంటలు ఒకేసారి పడుకుంటోంది" అని అందరికీ చెప్పుకున్న నిద్ర ఇదన్నమాట.

దీనితో వచ్చిన చిక్కేమిటంటే, ఊగుతూ నిద్రపోయిన పిల్లకు మధ్యలో కాస్త మెలకువ వచ్చినప్పుడు కూడా ఆ ఊపే కావాలి. అది లేకపోతే ఏదో తేడా కొట్టి ఏడుస్తుంది. పైగా నాలుగు నెలలప్పుడు పిల్లల నిద్ర తీరే మారుతుంది, అంతకుముందు బాగా పడుకున్నవాళ్ళు కూడా లేవడం మొదలుపెడతారు. రెండూ కలిసి మా మీద పడ్డాయి. కరెంటు పోయిన ప్రతి రాత్రీ జేజీ నేనూ వంతులవారీగా చేత్తో ఊపడమే.

కంపెనీ వాళ్ళకు వీడియో తీసి పంపితే "సెన్సర్ కరెక్టుగానే పనిచేస్తోంది మేడమ్" అని జవాబు. కరెక్టుగానే పనిచేస్తోంది, నాకు తెలుసు, అదే కదా నా బాధ.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి బోల్టు బిగించి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాడు. కిర్రు పోయింది గానీ గూడ్సు బండ్ల హారన్‌కు నూనె వేయలేం కదా. చివరికి మైకు ఉన్న చిన్న రంధ్రం మీద దూది పెట్టి, పైన ప్లాస్టర్ అంటించాడు. రూపాయి ఖర్చు లేని ఆ ప్లాస్టరే ఈ ఉయ్యాలను మనుషుల్లో కలిపింది. అప్పటి నుంచి నేను నొక్కితేనే ఊగింది, ఆపితే ఆగింది. కళ్ళు మత్తుగా వాలుతుండగానే ఆపేయడం మొదలుపెట్టాం. కొన్ని రాత్రులు గోల చేసింది, గది బయటికి ఎత్తుకుని తిప్పాం, తర్వాత తర్వాత ఆగిన ఉయ్యాలలోనే పడుకోవడం అలవాటైంది. రాత్రంతా లేవకుండా పడుకుందని మాత్రం రాయను. రెండుసార్లు లేచేది, పాలు తాగి పడుకునేది.

ఇంకొకటి, కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది లోపు పిల్లలను వెల్లకిలా, గట్టిగా, చదునుగా ఉన్న పరుపు మీదే పడుకోబెట్టాలి. గుంటలా కిందికి సాగే గుడ్డ ఉయ్యాలల్లో పిల్లల గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ఉంది. మా దాని అడుగు చెక్కలా గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి ధైర్యం చేశాం. దిండు పెట్టలేదు. అయినా నిద్ర పట్టాక తీసి చాప మీది పరుపులో వేసిన రాత్రులే నాకు నిశ్చింతగా ఉండేవి. పాప మోకాళ్ళ మీద లేచి అంచు పట్టుకోవడం మొదలుపెట్టిన రోజే దీన్ని విప్పేశాం. శ్రావణమాసం వచ్చేసరికి అటకెక్కింది. ఎనిమిది తొమ్మిది నెలలకు అమ్మ కనిపించకపోతే బెంగతో లేచే దశ ఒకటి వస్తుంది, దానికి ఉయ్యాల ఎలాగూ పనికిరాదు.

కొనమంటానా అంటే, మా ఇంట్లోలాగా రాత్రి ఇంకో చేయి సాయం లేనివాళ్ళు, మొదటి నాలుగైదు నెలల కోసం, కరెంటు పోయినా నడిచేలా ప్లగ్‌కు ఇన్వర్టరు లైను ఉంటే, కొనొచ్చు. ఇంట్లో నలుగురు మనుషులుంటే ఆ డబ్బు వేరేదానికి పెట్టుకోండి. మా ఆడబిడ్డకు ఇప్పుడు ఏడో నెల, మాది ఇమ్మని అడుగుతోంది. ఆమె ఉండేది ధర్మవరంలో, ఇంట్లోనే రెండు మగ్గాలు. ఇస్తాను గానీ, ప్లాస్టర్ ఊడిపోకుండా దాని మీద ఇంకోటి అంటించి మరీ ఇస్తాను.