బోరు మోటారు కాడ ఈఎస్‌పీ32: కనెక్షన్ ఎందుకు తెగింది, ఎట్లా నిలబడింది

నర్సంపేట దగ్గర మా మిర్చి తోటలో బోరు మోటారు నడుస్తుందా లేదా అని హన్మకొండ నుంచి ఫోన్‌లో చూసుకోవడానికి ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు పెట్టి రెండేళ్లు దాటింది. ఈ ధరలో ఇంతకంటే మంచి బోర్డు నాకు దొరకలేదు. కానీ మొదటి సీజన్ అంతా టెన్షనే. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నానికి ఆఫ్‌లైన్. ఊళ్లో ఉండే బాపు ఫోన్ చేసి "తోట కాడికి పోవాల్నా వద్దా, సూసి చెప్పురా" అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

కనెక్షన్ పోతే అందరూ ముందు రూటర్‌నే అనుమానిస్తారు. మా దగ్గర మొదటి గొడవ పవర్ సప్లైది. ల్యాప్‌టాప్ తీసుకుపోయి సీరియల్ మానిటర్ (బోర్డు పంపే సందేశాలు కనిపించే విండో) తెరిచి కూర్చున్నాను. స్టార్టర్‌లో కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) టక్కుమని పడగానే "బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అని ఒక లైన్, అంటే ఓల్టేజ్ పడిపోయిందని; ఆ వెంటనే బోర్డు రీస్టార్ట్. వైఫైలో డేటా పంపేటప్పుడు ఈ చిప్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే సప్లై 500 మిల్లీఆంపియర్లకు తగ్గకూడదని తయారీ సంస్థ ఎస్ప్రెస్సిఫ్ చెబుతుంది. సన్నని యూఎస్‌బీ కేబుల్‌లోనే ఓల్టేజ్ పడిపోతే ఇక ఏం మిగులుతుంది? మంచి 5 ఓల్టుల అడాప్టర్, పొట్టి కేబుల్, బోర్డు పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, సెన్సర్ వైర్లను మోటారు వైర్లకు దూరంగా లాగాక ఆ రీస్టార్టులు ఆగిపోయాయి.

బోర్డును ఇనుప స్టార్టర్ డబ్బాలో మాత్రం పెట్టొద్దు, సిగ్నల్ అందులోనే చస్తుంది. గోడకు ప్లాస్టిక్ డబ్బా కొట్టించి అందులోకి మారిస్తే వైఫై సిగ్నల్ రీడింగ్ మైనస్ 85 డీబీఎం నుంచి మైనస్ 60ల్లోకి వచ్చింది (సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం).

తర్వాతది కోడ్ సంగతి. కరెంటు వచ్చాక బోర్డు క్షణాల్లో లేస్తుంది, 4జీ రూటర్ నెట్‌వర్క్ పట్టుకోవడానికి నిమిషాలు పడుతుంది. నెట్‌లో దొరికే చాలా నమూనా కోడ్‌లు మొదట్లో ఒకసారి కనెక్ట్ అయితే చాలనుకుంటాయి. వైఫై దొరకడం వేరు, ఇంటర్నెట్ ఉండడం వేరు, ఎంక్యూటీటీ బ్రోకర్‌తో (బోర్డు సందేశాలను అందుకుని ఫోన్‌కు చేర్చే సర్వర్) లింకు నిలవడం వేరు. లూప్‌లో వైఫైనీ బ్రోకర్‌నీ విడివిడిగా చూసుకుంటూ, ఆగి ఆగి మళ్లీ ప్రయత్నించేలా రాయాలి.

కాజీపేటలో ఉండే దోస్తు నా కోడే వాళ్ల వాటర్ ట్యాంకుకు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి రెండు బోర్డులూ పోటీపడి తెగిపోవడం మొదలైంది. ఇద్దరం ఒకే బ్రోకర్ వాడుతున్నాం, క్లయింట్ ఐడీ (బ్రోకర్ దగ్గర బోర్డు చెప్పుకునే పేరు) కూడా ఒకటే. అదే ఐడీతో కొత్తవాడు వస్తే పాతవాణ్ణి బ్రోకర్ బయటికి పంపాల్సిందే, ఎంక్యూటీటీ నియమమే అది. ఐడీ చివర బోర్డు మ్యాక్ అడ్రస్ (ఏ బోర్డుకు ఆ బోర్డుకు వేరేగా ఉండే నంబరు) కలిపాం, రెండూ కుదుటపడ్డాయి.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది ఎంక్యూటీటీలో ఉండే లాస్ట్ విల్, అంటే బోర్డు ముందే అప్పగించే ఆఖరి సందేశం. తోటలో కరెంటు పోతే బోర్డూ పోతుంది, ఇక చెప్పేదెవరు? కీప్‌అలైవ్‌కు (ఇంతలోపు ఏదో ఒకటి పంపుతానని బోర్డు బ్రోకర్‌కు చెప్పే గడువు) ఒకటిన్నర రెట్ల సమయంలో బోర్డు నుంచి ఏ ఉలుకూ పలుకూ లేకపోతే, ముందే రాసిపెట్టిన సందేశాన్ని బ్రోకరే పంపిస్తుంది. 15 సెకన్ల కీప్‌అలైవ్ పెడితే అర నిమిషం లోపే ఫోన్‌కు తెలుస్తుంది. ఇది లేనప్పుడు ఎప్పటిదో "మోటారు ఆన్" అలాగే కనిపిస్తూ ఉండేది. ఆ తప్పుడు భరోసా ఆఫ్‌లైన్ కన్నా ప్రమాదం.

ఇప్పటికీ తేలనిది ఒకటుంది: పోయింది కరెంటా, నెట్‌వర్కా అన్నది ఈ సందేశం చెప్పదు. బోర్డుకూ రూటర్‌కూ కలిపి ఒక చిన్న డీసీ యూపీఎస్ పెట్టి, కరెంటు ఉందో లేదో వేరే పిన్‌తో చూడాలి. ఈ యాసంగికి చేయబోయే పని అదే.