లేహ్ ప్రయాణంలో మేం కూర్చున్న చోట్లు

రేణిగుంట నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి లద్దాఖ్‌లోని లేహ్. మూడు విమానాలు, మధ్యలో రెండు ఎదురుచూపులు.

హైదరాబాద్‌లో మూడు గంటలు ఇట్టే గడిచిపోయాయి. అసలు పరీక్ష ఢిల్లీలో. లేహ్‌లో మధ్యాహ్నం దాటితే లోయలో గాలులు లేస్తాయి, అందుకే విమానాలు ఎక్కువగా పొద్దున పూటే. తిరుపతి నుంచి వెళ్ళేవాళ్ళకి ఢిల్లీలో ఒక రాత్రి తప్పదు.

గది ఎందుకు దండగని టెర్మినల్ 3లోనే ఉండిపోదామన్నాను. కుర్చీలకి మధ్యమధ్యలో చేతులుంటాయి, నడుం వాల్చే వీల్లేదు. ఏసీ చలి. "తిరుమల కంపార్ట్‌మెంట్‌లో పన్నెండు గంటలు కూర్చోలేదా, ఇదెంత?" అన్నాను. "అక్కడ పాలూ ఉప్మా తెచ్చి చేతికిస్తారండీ. ఇక్కడ టీ ధర చూశారా?" అంది మా ఆవిడ, పులిహోర డబ్బా విప్పుతూ. నా దగ్గర జవాబు లేదు.

లేహ్ విమానాశ్రయం దాదాపు 10,700 అడుగుల ఎత్తులో ఉంది. సామాను తెచ్చుకునే నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. మొదటి రోజంతా పడుకునే ఉండాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటే దిక్కు. అది తెలియక మా అమ్మాయి మూడు రోజులు మొహం ముడుచుకుంది.

తిరుగు ప్రయాణం రోజు మబ్బులు కమ్మాయి. రెండు గంటలు కూర్చోబెట్టి విమానం రద్దన్నారు. కౌంటర్ దగ్గర ఒక్కరూ సరిగ్గా సమాధానం చెప్పలేదు. మర్నాటికి సీట్లిచ్చారు కానీ, గది ఖర్చు మాదే. వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం కూడా ఉండదు. గెస్ట్‌హౌస్ ఆయన మాత్రం ఫోన్ చేయగానే పాత గదే తెరిచి, ఉప్పూ వెన్నా వేసిన టీ పంపాడు. టీ అనుకుంటే తాగలేం. చారు అనుకుంటే బాగుంది.

అలా మిగిలిన పూటే నాకు బాగా గుర్తుండిపోయింది. విమానాశ్రయం పక్కనే గుట్ట మీద స్పిటుక్ గోంప అనే బౌద్ధ మఠం ఉంది. మెల్లగా, మెట్టుకో నిమిషం ఆగుతూ ఎక్కాం. పైనుంచి ఒకవైపు సింధు నది, కిందే రన్‌వే. అప్పటికి మబ్బులన్నీ విడిపోయి ఎండ కాస్తోంది, కానీ రన్‌వే మీద ఒక్క విమానం లేదు.

దెబ్బ ఢిల్లీలో తగిలింది. ముందుకి వెళ్ళే టికెట్లు వేరుగా కొన్నాం. ఆ విమానం ముందురోజే వెళ్ళిపోయింది, డబ్బు పోయింది. కొత్త టికెట్లు మర్నాడు పొద్దుటికి దొరికాయి. ఈసారి ఎవరూ వాదించలేదు, విమానాశ్రయం దగ్గరే ఉన్న మహిపాల్‌పూర్‌లో గది తీసుకున్నాం. వేడినీళ్ళు రాలేదు, రాత్రంతా రోడ్డు మీద లారీల మోత. అయినా దుప్పటి శుభ్రంగా ఉంది, నాలుగు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. మళ్ళీ వెళ్తే గది ముందే తీసుకుంటా, లేహ్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటా, టికెట్లన్నీ ఒకే బుకింగ్‌లో కొంటా. పులిహోర ఎలాగూ కట్టుకుంటాం.