హీరో చర్చి ఫాదర్ అయితే మంచిగుంటదా, గుడి పంతులు అయితేనా?

హన్మకొండల చిన్నప్పటి దోస్తులు ముగ్గురు, ఇద్దరు పోరగాళ్లు ఒక క్రిస్టియన్ పిల్ల, పోరగాళ్లల్ల ఒకడు పెద్దయి ఫాదర్ అయిండు, ఇంకొకడు పంతులు, ఇద్దరికీ ఆమె మీదనే మనసు. గిట్ల లవ్ కామెడీ రాస్తే హీరో ఎవరు?

కాజీపేట ఫాతిమానగర్‌ల ఫాదర్ అనుకోండి. క్యాథలిక్ ఫాదర్లకు పెళ్లి లేదు, 1139ల లాటరన్ కౌన్సిల్ అనే చర్చి పెద్దల సభ నుంచి రూల్ గట్టిగ పడ్డది, ఇంట్లోళ్లు ఒప్పుకున్నా ఫాయిదా లేదు, లొల్లంత వాని లోపలే. మెసేజ్ టైప్ చేసుడు, కొట్టేసుడు, మళ్ల టైప్ చేసుడు... పాపం అనిపిస్తది గని నవ్వు ఎంతసేపొస్తది?

పంతులుకు ఉల్టా. ఆయనకు పెళ్లి చేయాలని ఇల్లంత ఎగబడుతరు, కాకపోతే పిల్ల మనోళ్లే కావాలె. చట్టమైతే ఆపదు, 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఉంది, కానీ 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె, అది మ్యారేజ్ ఆఫీసుల అందరికీ కనబడేటట్టు అతికిస్తరు, ఒక్క మేనత్త చూసిందా ఇగ అయిపాయె, భద్రకాళి గుడిల పులిహోర కంటే ముందు ఆ ముచ్చటే పంచుతరు. కామెడీ అంటే గిది!

నా ఓటు పంతులుకే. ఫాదర్‌ను మాత్రం తీసెయ్యొద్దు, ఎందుకంటే ఆ పిల్ల కన్ఫెషన్‌కు, అంటే ఫాదర్‌కు పాపాలు చెప్పుకునేటందుకు వచ్చి పంతులు మీద ప్రేమున్నదని వానికే చెప్తది, అక్కడ విన్నది వాడు ఎవ్వలికీ చెప్పొద్దు, సాయంత్రం పంతులేమో మిర్చి బజ్జీ తినుకుంట "ఆమె మనసుల ఏమున్నదిరా?" అని వాన్నే అడుగుతడు.