నల్లరేగడికి ఫ్లాట్, రాతి దారికి క్లిప్: రెండు రకాల పెడళ్లనూ ఏళ్ల తరబడి వాడిన తర్వాత

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొత్తగా మౌంటెన్ బైక్ కొన్నవారు మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి, పాదం ఊరికే ఆనించే ఫ్లాట్ పెడల్ వేయించుకోవాలా లేక బూటు బిగిసి ఉండే క్లిప్ పెడల్ వేయించుకోవాలా అన్నది. ఒకే సైకిల్‌కు ఈ రెండింటినీ మార్చి మార్చి బిగించుకుంటూ కొన్నేళ్లుగా అన్ని కాలాల్లోనూ తొక్కుతున్నాను. మన ప్రాంతం వరకు ఈ ప్రశ్నను తేల్చవలసింది తొక్కేవారి నైపుణ్యం కన్నా ముందు వారు తిరిగే నేల అని నా గట్టి అభిప్రాయం. నల్లరేగడి డొంకల్లో ఎక్కువగా తిరిగేవారికి ఫ్లాట్ పెడలే తగినది. మూలపాడు, కొండపల్లి వైపు రాతి దారులు ఎక్కేవారికి మాత్రం క్లిప్ పెడల్ పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేస్తుంది.

నా ఫ్లాట్ పెడళ్లు వెడల్పాటి అల్యూమినియం పలకలు; రెండు వైపులా పొట్టి స్టీలు పిన్నులు పైకి పొడుచుకుని ఉంటాయి, ఏ పిన్ను అరిగినా దాన్నొక్కదాన్నే విప్పి మార్చుకోవచ్చు. క్లిప్ పెడళ్లు షిమానో సంస్థ 1990లో తెచ్చిన ఎస్‌పిడి పద్ధతికి చెందినవి. బూటు అడుగున ఒక చిన్న లోహపు క్లీటును రెండు బోల్టులతో బిగిస్తారు. కాలు కిందికి నొక్కితే పెడల్‌లోని స్ప్రింగు దాన్ని పట్టుకుంటుంది, మడమ పక్కకు తిప్పితే వదులుతుంది.

ముందు నల్లరేగడి సంగతి చెప్పాలి, ఎందుకంటే పెడళ్ల గురించి వచ్చే సమీక్షల్లో మన నేల కనబడదు. తాడికొండ, తుళ్లూరు వైపు పత్తి, మిరప చేల మధ్య డొంకల్లో వాన వెలిసిన మరునాడు మట్టి పైపైన ఆరినట్టే కనిపిస్తుంది; కానీ నీరు తాగి ఉబ్బిన ఆ బంకమట్టి మీద సైకిల్ దిగి నాలుగడుగులు వేసేసరికి బూటు అడుగున మందంగా అట్ట కడుతుంది. క్లీటు సోలులో చేసిన గుంటలో కూర్చుని ఉంటుంది గనుక ఆ గుంట మొత్తం మట్టితో పూడిపోయి, ఎంత బలంగా తొక్కినా పెడల్‌కు లోహం తగలదు. పక్కనున్న తుమ్మ పుల్ల విరిచి క్లీటు చుట్టూ, బోల్టు తలల్లోనూ గీకి, మరో నాలుగడుగులు నడవగానే మళ్లీ అదే పని చేయవలసి వస్తుంది. సగం పూడిన క్లీటు మరింత ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అది బిగిసిందో లేదో కాలికి స్పష్టంగా తెలియదు. ఫ్లాట్ పెడల్‌కూ మట్టి అంటుకుంటుంది గానీ, పలక మధ్య ఖాళీల్లోంచి కొంత కిందికి రాలిపోతుంది. పట్టు తగ్గినా కాలు మాత్రం ఎప్పుడూ స్వేచ్ఛగానే ఉంటుంది. ఎండాకాలంలో ఇదే నేల బీటలు వారి, ట్రాక్టరు చక్రాల గాడులు రాయిలా గట్టిపడతాయి. ముందు చక్రం ఒక గాడిలోకి దిగి హ్యాండిల్ తిరగబోయిన క్షణంలో ఆలోచించకుండా కాలు నేల మీద మోపగలగడం ఎంత విలువైనదో ఆ దారిలో తిరిగినవారికి తెలుస్తుంది.

మూలపాడు అడవి దారుల్లో తీర్పు తిరగబడుతుంది. అక్కడ వదులు రాళ్లు, వేర్లు, వాన నీరు కోసిన కాలువలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాది ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్ గనుక వెనుక చక్రం తిన్న ప్రతి దెబ్బా నేరుగా పాదానికి చేరుతుంది. ఫ్లాట్ పెడల్ మీద మడమలు కిందికి దించి, బరువంతా పెడల్‌లోకి నొక్కి ఉంచకపోతే పాదం చిన్నచిన్నగా ఎగిరి పక్కకు జరుగుతుంది. అలసట వచ్చిన చివరి భాగంలో ఆ మడమ దించడమే ముందుగా మరచిపోతాం. జారిన పెడల్ తిరిగి వచ్చి పిన్నులతో మోకాలి కింది ఎముకను చీరితే గాయం లోతుగానే ఉంటుంది, అందుకే ఫ్లాట్ వాడేవారు కాళ్లకు గార్డులు కట్టుకోవడం మంచిది. క్లిప్ వేసుకున్నప్పుడు రాళ్ల మీదుగా కూడా పెడల్ తొక్కడం ఆగదు, పాదం చోటు మారదు, ఎక్కుడులో వెనుక చక్రం జారినా లయ తప్పదు.

క్లిప్ వల్ల కాలు పైకి లాగి అదనపు బలం రాబట్టవచ్చని చాలామంది చెబుతారు. నా అనుభవంలో ఆ మాటకు అంత బలం లేదు. ఏ పెడల్ అయినా బలంలో అధిక భాగం కిందికి తొక్కేటప్పుడే వస్తుంది. క్లిప్ ఇచ్చే అసలు లాభం పాదం కదలకుండా ఉండటమే. 2016 రియో ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ క్రాస్‌కంట్రీ స్వర్ణం గెలిచిన స్విట్జర్లాండ్ రైడర్ నీనో షూర్టర్ వాడినవి క్లిప్ పెడళ్లే. ఆస్ట్రేలియా రైడర్ శామ్ హిల్ మాత్రం ఫ్లాట్ పెడళ్లతోనే 2017, 2018, 2019లో వరుసగా ఎండ్యూరో వరల్డ్ సిరీస్ అనే మౌంటెన్ బైక్ పోటీ గెలిచారు. కాబట్టి ఫ్లాట్ నేర్చుకునేవారికి, క్లిప్ నేర్చినవారికి అనే విభజనను నేను ఒప్పుకోను. పైగా గుంతల మీదుగా చక్రాలు లేపడం ఫ్లాట్ మీద నేర్చుకుంటేనే శరీరానికి సరిగా పట్టుబడుతుంది; క్లిప్‌తో అయితే కాళ్లతో సైకిల్‌ను పైకి లాగేయడం అలవాటవుతుంది.

నగరం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉండవల్లి మీదుగా అమరావతి వైపు కరకట్ట మీద ఆగకుండా సాగే ఉదయపు ప్రయాణానికి క్లిప్ హాయిగా ఉంటుంది. బెంజ్ సర్కిల్ లాంటి చోట, ఆటో ఎప్పుడు ఆగుతుందో తెలియని రద్దీలో, ఆగడానికి చాలా ముందే ఒక కాలు విడిపించుకోవడం అలవాటు చేసుకోవాలి.

కొనేవారికి నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది బూట్ల గురించి. మంచి పిన్నులున్న ఫ్లాట్ పెడల్ మీద గట్టి సోలున్న మామూలు పరుగు బూట్లు వేసుకుని, పట్టు లేదని పెడల్‌ను నిందించేవారిని చాలామందిని చూశాను. చదునుగా, మెత్తని రబ్బరుతో ఉన్న సోలులోకే పిన్నులు దిగుతాయి. తొక్కి వచ్చాక బూటు తిరగేసి చూస్తే సోలు మీద పిన్నుల గుర్తులు వరుసగా, ఒకే చోట పడి ఉండాలి. గీతల్లా సాగి ఉంటే పాదం జారుతోందని అర్థం. క్లిప్ తీసుకునేవారు పెడల్ ధరతో పాటు దానికి తగిన బూట్ల ధరనూ ముందే లెక్క వేసుకోవాలి.

క్లీటు అమరిక మీద మాత్రం తొందర పడవద్దు. కోణం కొద్దిగా తేడా ఉన్నా మోకాలి పక్కన నొప్పి మొదలవుతుంది, పొడవైన ప్రయాణాల తర్వాత అది బాగా బయటపడుతుంది. నడిచేటప్పుడు మీ పాదం సహజంగా ఎటు తిరిగి ఉంటుందో చూసుకుని క్లీటును ఆ వాలులో బిగించి, చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుంటే తర్వాత మార్చినప్పుడు చోటు తప్పదు. స్ప్రింగు బిగువును మొదట్లో బాగా వదులుగా పెట్టుకోండి. షిమానోలోనే ఎస్‌హెచ్51 క్లీటు మడమ పక్కకు తిప్పితే వదులుతుంది, ఎస్‌హెచ్56 కాలు ఏటవాలుగా పైకి లాగినా వదులుతుంది. కొత్తవారికి రెండోదే నయం. పేరేచర్ల వైపు రాతి క్రషర్ల పొడి స్ప్రింగులో చేరితే విడుదల బరువెక్కుతుంది గనుక బ్రష్‌తో దులిపి, దుమ్ము పట్టని పొడి రకం లూబ్ (కందెన) వేస్తుంటాను.

ప్రస్తుతం తొలకరి మొదలైన దగ్గర నుంచి పొలాలు ఆరేవరకు ఫ్లాట్, ఆ తర్వాత వేసవి దాకా కొండల వైపు వెళ్లేటప్పుడు క్లిప్ బిగిస్తున్నాను. ఒక్క జతే కొనగలిగితే ఫ్లాట్ కొనమంటాను. ఇలా మార్చుకునేటప్పుడు ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి: అది కుడివైపు తిప్పితే ఊడుతుంది, ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. మరకు కాస్త గ్రీజు రాసి, మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పి, సాఫీగా దిగుతోందని తెలిశాకే స్పానర్ పట్టండి. మర అడ్డంగా ఎక్కితే క్రాంకు (పెడల్ బిగించే చేయి)లోని మర చెడిపోయి క్రాంకే మార్చవలసి రావచ్చు.