ఫైన్‌వెర్క్‌బావ్ 800: బ్యారెల్‌కు నచ్చిన పెల్లెట్టే పెట్టాలి

పది మీటర్ల దూరపు పోటీలకు ఎయిర్ రైఫిల్ కొనాలనుకునేవాళ్లు ఏ కంపెనీది మంచిదని అడుగుతారు. ఏ పెల్లెట్ (అందులో పెట్టే సీసపు గుండు) వాడాలని అడిగేవాళ్లు అరుదు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి ఫైన్‌వెర్క్‌బావ్ 800 రైఫిల్ వాడాక నాకు తేలింది ఒకటే: ఈ స్థాయి రైఫిళ్లలో ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడా కన్నా, ఒకే రైఫిల్‌లో రెండు డబ్బాల పెల్లెట్ల మధ్య కనిపించే తేడా ఎక్కువ.

ముందు రైఫిల్ సంగతి. జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో తయారవుతుంది. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి దాకా గాలి పడుతుంది. రెగ్యులేటర్ ఉండడం వల్ల సిలిండర్ నిండుగా ఉన్నా, బాగా తగ్గినా పెల్లెట్ వేగం మారదు. కాల్చినప్పుడు వచ్చే చిన్న కుదుపును అబ్జార్బర్ మింగేస్తుంది. చెంప ఆనించే చెక్క, భుజానికి ఆనే పలక, ట్రిగ్గర్ అన్నీ మనిషికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మా ఇంట్లో నేనూ మా అమ్మాయీ ఇద్దరమూ దీనితోనే సాధన చేస్తాం. ఎవరి కొలతలు వాళ్లవి పెట్టె మూత లోపల రాసి అంటించాం, మార్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఇన్నేళ్లలో ట్రిగ్గర్ ఒక్కసారీ సతాయించలేదు.

ఇక అసలు విషయం. లక్ష్యం మధ్యలో పది చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ వ్యాసం 4.5. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే పది. అంటే రంధ్రం నడిబొడ్డు 2.5 మిల్లీమీటర్ల లోపు పడాలి. దశాంశాల లెక్క కాబట్టి, సరిగ్గా మధ్యలో పడితే వచ్చే 10.9 నుంచి కిందికి ప్రతి 0.25 మిల్లీమీటర్లకూ 0.1 పోతుంది. పెల్లెట్ కుదరక షాటుకు సగటున 0.2 పోయినా, 60 షాట్ల మ్యాచ్‌లో 12 పాయింట్లు పోయినట్లే. అంత తేడాతో ఎంతో మంది ముందుకు వెళ్లిపోతారు.

పెల్లెట్ల తల కొలత 4.49, 4.50, 4.51 అని డబ్బా మీదే ఉంటుంది. ఆ వందో వంతు మిల్లీమీటరు తేడాను చేతితో పట్టలేం, బ్యారెల్ మాత్రం పసిగడుతుంది. నా బ్యారెల్‌కు ఫినాలే మ్యాచ్ అనే రకంలో 4.50, 0.53 గ్రాములది కుదిరింది. బరంపురంలో ఇదే మోడల్ వాడే మిత్రుడికి ఆర్10 అనే రకంలో 4.49 కుదిరింది. అందుకే ఎవరి జాబితానూ యథాతథంగా తీసుకోకండి, నాదైనా సరే.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. మా వైపు ఇళ్లు వీధి నుంచి పెరటి దాకా పొడవుగా ఉంటాయి కాబట్టి పది మీటర్లు సులభంగానే దొరికాయి. వెనుక ఉక్కు పలకతో పెల్లెట్ ట్రాప్ పెట్టి, పెరటి తలుపు గడియ వేసి, రైఫిల్‌ను బిగింపులో పెట్టి ఒక్కో డబ్బా నుంచి పది షాట్లు కాల్చాలి. భుజం మీద నుంచి కాలిస్తే తప్పు మనదో పెల్లెట్‌దో తేలదు. తర్వాత గ్రూపును, అంటే ఆ పది రంధ్రాల గుంపును, బయటి అంచు నుంచి బయటి అంచు దాకా వెర్నియర్ కొలమానంతో కొలిచి, అందులోంచి 4.5 తీసేయాలి. మిగిలిన సంఖ్య ఏ డబ్బాకు తక్కువో అదే మీది. ఆ డబ్బా మీది లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరుతో ఏడాదికి సరిపడా ఒకేసారి కొనండి. అదే పేరు, అదే కొలత ఉన్న వేరే లాట్ మీ బ్యారెల్‌కు నచ్చకపోవచ్చు.

పార్సిల్‌లో వచ్చే డబ్బాలను తెరిచి చూసుకోవాలి. సీసం మెత్తన, వెనుక పలుచని అంచు వంగితే ఆ పెల్లెట్ ఎక్కడికి పోతుందో చెప్పలేం. ఒక దుకాణం నాకు పిస్టల్ కోసం చేసిన తేలికపాటి పెల్లెట్లు పంపింది, వెనక్కి తీసుకోవడానికి చాలా నసిగింది. డబ్బా మీది బరువు చదివే అలవాటు చేసుకోండి.

మా జిల్లాలో తేమ పెద్ద శత్రువు. చేతి పంపుతో నింపితే గాలితోపాటు తేమా సిలిండర్‌లోకి పోతుంది. అందుకే డైవింగ్ సిలిండర్ నుంచి పొడి గాలి నింపుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కరెంటు లేని రోజుల్లో మాత్రం పంపే దిక్కయింది. నెమ్మదిగా కొడుతూ, మధ్యమధ్య చల్లారనిచ్చి, తేమ వదిలేశాను. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు కాస్త నూనె తగిలినా సిలిండర్ పేలిపోతుంది, ప్రాణాలే పోతాయి.

మన దేశంలో 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. ఈ రైఫిల్ శక్తి దాదాపు ఎనిమిది జౌళ్లే. అయినా సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు తీసుకెళ్లేటప్పుడు బిల్లు, గుర్తింపు కార్డు పెట్టెలోనే ఉంచుతాను. పొడవాటి పెట్టె చూసి ఎవరైనా అడిగితే చూపించవచ్చు. పెల్లెట్ల సీసం చేతులకు అంటుతుంది కాబట్టి, సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడగందే అన్నం ముట్టనివ్వను, అమ్మాయికి ఆ నియమం నాకంటే గట్టిగా ఉంది.