వంటగది పని జరుగుతుంటే అదే ఇంట్లో 53 రోజులు: రెండున్నరేళ్లు వాడాక నా సమీక్ష

"24 రోజుల్లో చేతికిచ్చేస్తాం మేడం" అన్నారు కొత్త వంటగది చేసే షాపువాళ్లు. 53 రోజులు పట్టింది. ఆ 53 రోజులూ నేను, మా ఆయన, అప్పట్లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి, డెబ్భై దాటిన మా అత్తయ్య ఇదే ఇంట్లో ఉన్నాం. ఒంగోల్లో కర్నూలు రోడ్డు వైపు మాదొక పాత డాబా ఇల్లు. 2023 జనవరి ఆఖరులో పాత గట్టు పగలగొట్టి, ఉగాది నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించాం. కొత్త మోజులో రాసే మాటలు ఎవరికీ అక్కరకు రావని ఇన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు తలుపుల కీళ్లు వదులయ్యాయి, సింకు కింద చెక్క ఉబ్బింది. రాయొచ్చు.

ఇంట్లోనే ఉండి పని చేయించుకోవడానికి ఐదుకు నాలుగు వేస్తాను. తయారైన వంటగదికి మూడే. వరండాలో వండుకుంటూ, మధ్యలో బుద్ధొచ్చి మార్పించుకున్నవన్నీ ఈరోజుకీ బాగున్నాయి. షాపులో ఏసీలో కూర్చుని కంప్యూటర్‌లో బొమ్మ చూసి సరేనన్నవే ఏడిపిస్తున్నాయి.

వేరే ఇల్లు చూసుకుందామని మా ఆయన మొదట్లో అన్నాడు. రెండు నెలలకు ఇల్లెవరిస్తారు? పైగా అమ్మాయికి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. అత్తయ్య సంగతి సరేసరి, పక్కింట్లో కాఫీ ఇస్తేనే గ్లాసు వంక రెండుసార్లు చూస్తుంది. అలా ఉండిపోయాం. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టడం మాత్రం మంచి పనే. మన జిల్లాకు గట్టి వానలు, తుపాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఆ రోజుల్లో వరండాలో పొయ్యి పెడితే అన్నం బదులు గంజి మిగిలేది. కానీ ఒకటి మర్చిపోయాను. మాఘం, ఫాల్గుణం అంటే ఊరంతా గృహప్రవేశాలు. "రేపు ముహూర్తం ఉందమ్మా, ఆళ్లది ముందు ముగించొస్తా" అని వెళ్లిన బేల్దారి మేస్త్రి తొమ్మిది రోజులు రాలేదు. ముహూర్తాలున్న నెలల్లో మరమ్మతు పని వాళ్లకు ఎప్పుడూ ఆఖరుదే. అడ్వాన్సు ఒకేసారి ఇవ్వకుండా, పగలగొట్టడానికి ఇంత, గట్టు పడ్డాక ఇంత అని విడగొట్టి ఇచ్చుంటే బాగుండేది. మేం సగం మొదటిరోజే ఇచ్చాం.

తూర్పు వరండాలో అమ్మాయి పాత చదువు బల్ల వేసి దానిమీద గ్యాస్ పొయ్యి పెట్టాం. అక్కడ కూడా ఆగ్నేయం మూల కావాలని అత్తయ్య పట్టు. సిలిండర్ కింద నేల మీద నిలబెట్టాం. పొయ్యి ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కారిందంటే నేల మీదే పరుచుకుంటుంది. ఆ లెక్కన నాలుగు గోడల మధ్య కంటే వరండాయే నయం. బాధల్లా గాలితోనే. ఫిబ్రవరి దాటాక దక్షిణపు గాలి మొదలైతే మంట అడ్డంగా పడుకుంటుంది, పాలు కాగడానికి అరగంట. ఖాళీ నూనె డబ్బా కోసి, ఆ రేకును మూడు పక్కలా నిలబెట్టి గాలి ఆపింది అత్తయ్యే. నేను ఆన్‌లైన్‌లో ఏదో అడ్డు కొనాలని వెతుకుతూనే ఉన్నాను.

ఇండక్షన్ స్టవ్ కూడా కొన్నాం. పొద్దున కాఫీకి, అన్నానికి బాగా పనికొచ్చింది. అయితే ఇంట్లో ఉన్న సత్తు గిన్నెలేవీ దానిమీద పనిచేయవు. అడుగు సమంగా ఉండాలి, అయస్కాంతం అంటుకోవాలి. చేపల పులుసు పెట్టే మట్టిచట్టి సంగతి చెప్పక్కర్లేదు. గిన్నెల కంటే పెద్ద సమస్య కరెంటు. 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. హాల్లో టీవీ దగ్గరుండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. మూడోరోజు ఎక్స్‌టెన్షన్ బాక్సు ముట్టుకుంటే కాలింది, ప్లాస్టిక్ మాడిన వాసన. అప్పుడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, కొత్త వంటగదికి మెయిన్ నుంచి విడిగా వైరు లాగించి, 16 ఆంపియర్ల పాయింట్లు మూడు పెట్టించాం. షాపువాళ్ల బొమ్మలో ఒక్కటే ఉంది. ఆ బాక్సు కాలకపోతే మాకు తట్టేది కాదు. గోడలకు ప్లాస్టరింగ్ అయిపోయాక తట్టినా చేసేదేమీ లేదు.

దుమ్ము గురించి అందరూ చెబుతారు, నేనూ విన్నాను. వినడం వేరు. పాత గట్టు పగలగొట్టిన రోజు పడకగదిలో మూతపెట్టిన బియ్యం డ్రమ్ము లోపల కూడా బూడిదలాంటి పొర. గుమ్మానికి ప్లాస్టిక్ పట్టా కట్టాం, గాలికి తెరచాపలా ఊగి దుమ్మంతా హాల్లోకి తోసింది. దాని బదులు పాత నూలు చీరలు తడిపి రెండు వరసలుగా వేలాడదీస్తే చాలావరకు ఆగింది. మధ్యాహ్నానికి ఎండిపోతాయి, మళ్లీ తడపాలి. టైల్స్ కోసేటప్పుడు పొడిగా కోయనివ్వకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, కోసే కుర్రాడికి మనకంటే ముందు. పెరట్లో కూర్చుని నీళ్లు పోస్తూ కోయమని గట్టిగా చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ "ఒక్క ముక్కే గదమ్మా" అంటారు. ఫ్రిజ్‌కు దుప్పటి కప్పకూడదు, వెనకాల వేడి పోదు. మేం కప్పాం. రెండోరోజు ఐస్ కరిగి హాలంతా నీళ్లు.

మా దేవుడి అర పాత వంటగదిలోనే ఈశాన్యం మూల ఉండేది. దేవుళ్లను టీవీ బల్ల మీదికి మార్చాం. 53 రోజులు ఆ ఇంట్లో సీరియల్ మోగలేదు. అత్తయ్యకు పూజ దొరికింది, అమ్మాయికి చదువుకు నిశ్శబ్దం దొరికింది.

సామానంతా పద్నాలుగు అట్టపెట్టెల్లో సర్ది పడకగదిలో పేర్చాం. వరండాలోకి తెచ్చుకున్నవి పోపుల పెట్టె, మూడు గిన్నెలు, కుక్కర్, రెండు గరిటెలు, పెనం, ఉప్పు, చింతపండు జాడీ, మిక్సీ. వాటితోనే రోజూ పప్పు, కూర, చారు గడిచాయి. పెట్టెల్లోంచి 53 రోజుల్లో ఏదైనా తీశామంటే రెండుసార్లే, ఒకసారి ఇడ్లీ రేకులు, ఒకసారి కల్వం. అప్పటికే పొడుగాటి అలమరాకి, గోడ మొత్తం అటక అరలకు డబ్బు కట్టేశాం. ఆ పద్నాలుగు పెట్టెల్లో రెండు ఇప్పటికీ విప్పకుండా అటక మీదే ఉన్నాయి. వాటిని దాచడానికి అంత చెక్క కొన్నామన్నమాట. పొడుగు అలమరాలో పై అర నాకు అందదు, అడుగు అరకు వంగితే నడుం పట్టేస్తుంది. దానికి ఒక్క మార్కు కూడా వేయను.

ఇప్పుడు వరండా పుణ్యమా అని వచ్చిన మంచి. అత్తయ్య ఆకుకూర వలిచినా కత్తిపీట ముందు కూర్చున్నా నేల మీదే. కొత్త బొమ్మలో ఆమెకు చోటే లేదు, అంతా నిలబడి చేసే పనే. వరండాలో ఒక పాత పీట మీద కూర్చుని గోంగూర వలుస్తుంటే మా ఆయన చూసి, పగలగొట్టిన పాత గట్టులో బాగున్న కడప బండ ముక్క ఒకటి ఏరి పక్కన పెట్టించాడు. పెరటి గుమ్మం పక్కన అడుగున్నర ఎత్తులో అరుగులా వేయించాం. అదనపు ఖర్చు ఒక మనిషి ఒక పూట కూలి. మొత్తం వంటగదిలో అందరం కూర్చునేది అక్కడే, కరెంటు పోతే గాలొచ్చేదీ అక్కడే. అలాగే పెద్ద దబరలు, కుక్కర్లు పెరటి కుళాయి దగ్గర తోముకోవడం అలవాటైపోయి, ఆ చోటును సిమెంటుతో చదును చేయించి అలాగే ఉంచేసుకున్నాం. లోపల సింకు ఒకే తొట్టిది, లోతుది చాలనుకున్నాం. రెండు తొట్ల సింకు మానుకోవడం వల్ల గట్టు మీద రెండడుగులు మిగిలింది.

ఇంట్లో ఉన్నందుకు అన్నింటికంటే దక్కిన లాభం, గోడలో ఏముందో కళ్లతో చూడటం. పాత ఇనప పైపు లోపల తుప్పుపట్టి సగం పూడిపోయింది. ప్లంబర్ దానికే కొత్త ప్లాస్టిక్ పైపు అతికించి కప్పెయ్యబోయాడు. ఆ పొద్దున మా ఆయన సెలవులో ఉండబట్టి ఆపాడు. పైపులు, వైర్లు వేశాక, ప్లాస్టరింగ్‌కు ముందు, టేపు గోడకు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి. పోయిన ఏడాది గరిటెల స్టాండుకు రంధ్రం వేసేటప్పుడు ఆ ఫోటో చూడకపోతే డ్రిల్లు సరిగ్గా నీళ్ల పైపులోకి దిగేది.

గ్రానైట్ మాట. ఒంగోలు వాళ్లం, ఇరవై కిలోమీటర్ల దూరంలో చీమకుర్తి పెట్టుకుని ఇంకో రాయి వేయిస్తామా? అక్కడ దొరికే నల్ల గ్రానైట్, బ్లాక్ గెలాక్సీయే వేయించాం. నల్లరాతిలో ఆ బంగారు మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజానివి. రాయిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. పాత కడప బండ సున్నపురాయి జాతిది కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడ్డచోటల్లా తెల్లగా తినేసేది. దీనికి ఆ బాధ లేదు, వేడి గిన్నె దించినా చలించదు. కానీ మా బోరు నీళ్లు ఉప్పు. సింకు చుట్టూ పడిన ప్రతి చుక్కా ఆరి తెల్లటి మచ్చ అవుతుంది, నల్ల రాయి మీద ముగ్గు పెట్టినట్టు కనిపిస్తుంది. మున్సిపాలిటీ నీళ్లు మాకు రోజూ రావు, వచ్చినా తాగడానికీ వంటకే పట్టుకుంటాం. రాత్రి గట్టు కడిగాక పొడిగుడ్డతో తుడిచి పడుకోవాల్సిందే. బోరు నీళ్లు వాడే ఇంట్లో సింకు దగ్గరి వరకైనా లేత రంగు రాయి వేయించుకుంటే ఈ చాకిరీ తప్పుతుంది. గట్టు ఎత్తు మాత్రం నేను వరండా బల్ల దగ్గర నిలబడి, మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద ఉండేట్టు కొలిపించాను. నడుం నొప్పి తగ్గింది.

చెక్క దగ్గర మోసపోయాం. సింకు కింద ఐఎస్ 710 మార్కున్న, నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేస్తామని రాసిచ్చారు. బిగించే రోజు పరీక్షల టెన్షన్‌లో ఉండి నేను చెక్క మీది ముద్ర చూసుకోలేదు. ఏడాదిన్నరకే అడుగు బల్ల అప్పడంలా ఉబ్బింది. ఫోన్ చేస్తే "నీళ్లు కారిస్తే ఏ చెక్కైనా అంతే మేడం" అన్నారు. సన్‌మైకా అతికించక ముందే ప్రతి పలక మీదా ముద్ర చూడండి, అతికించాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పాలలాంటి తెల్ల సన్‌మైకా కూడా నా తెలివితక్కువే. పసుపు చెయ్యి తగిలిన చోటల్లా చరిత్ర.

చిమ్నీ గురించి పెద్దగా చెప్పను. పొగగొట్టం రెండు వంపులు తిరిగి బయటికెళ్లాలి, అందుకని లాగడం తక్కువ, మోత ఎక్కువ. తాలింపు పెడితే కిటికీ తెరవాల్సిందే.

తిండి ఖర్చు గురించి అడుగుతారు. మొదటి వారం కర్రీ పాయింట్ కూరలు, బండి మీద ఇడ్లీలు. రెండో వారానికి అందరి కడుపులూ మొరాయించాయి. తర్వాత వరండాలోనే ఒక పప్పు, ఒక వేపుడు. పిల్లి రెండుసార్లు పాలు తాగింది. నెలల పిల్లలున్నా, ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉన్నా మాలాగా ఉండొద్దు, ఆ దుమ్ము వాళ్ల వల్ల కాదు. మిగతా వాళ్లు పెరటి కుళాయి, కప్పున్న వరండా ఉంటే ఉండిపోవచ్చు. ఇంకో మాట, వరండాలో కనీసం పది రోజులు వండుకున్నాకే షాపుకెళ్లి బొమ్మ గీయించండి.

సింకు కింది బల్ల సంక్రాంతి వెళ్లాక మార్పిస్తున్నాం, ఈసారి ఉక్కు ఫ్రేము, పైన రాతి పలక. కార్పెంటర్ నాలుగు రోజులన్నాడు. అత్తయ్య ఏమీ అనలేదు, ఆ నూనె డబ్బా రేకు ఎక్కడ పెట్టావే అని మాత్రం అడిగింది.